ఉప్పుగాలిలో బ్యాంకు కట్టాలంటే

ఏసీ ఉన్న ఏ బ్యాంకు వెనక్కి వెళ్ళి చూసినా గోడ వారన సన్నటి గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని కొస నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతుంటాయి. కింద నాచు పట్టి ఉంటుంది. ఎవరైనా జారిపడతారని అక్కడో బకెట్టు పెడతారు. ఆ నీళ్ళు కుళాయివీ కావు, ట్యాంకువీ కావు. లోపలి గాలిలోంచి యంత్రం పిండి తీసినవి. నెల్లూరు తీరంలో ఆఫీసు కట్టదలచినవాళ్ళు అన్నిటికంటే ముందు లెక్క వెయ్యవలసింది ఆ నీళ్ళనే. ప్లాను గీసే రోజున ముందువైపు అద్దాల గురించి, బోర్డు సైజు గురించి, జనరేటరు ఎక్కడ పెట్టాలన్న దాని గురించి గంటలకొద్దీ చర్చ జరుగుతుంది. గొట్టం సంగతి మాత్రం అంతా పూర్తయ్యాక ఏసీ బిగించే కుర్రాడికి వదిలేస్తారు.

ఈ అధ్యాయంలో ఒక బ్యాంకు కార్యాలయాన్ని కాగితం మీద కట్టి చూద్దాం. స్థలం అల్లూరు. నెల్లూరుకు ఉత్తరాన, కావలికి దక్షిణాన ఉన్న మండల కేంద్రం. చుట్టూ వరి పొలాలు, రొయ్యల చెరువులు. తూర్పున ఇసకపల్లి వైపు ఉప్పు కొటారులు, ఆ పైన సముద్రం. పంట రుణాలు, బంగారం మీద అప్పులు, డ్వాక్రా ఖాతాలు, ఇంటి రుణాలు ఇక్కడి బ్యాంకుల రోజువారీ పని. మన బ్యాంకుకు రెండు అంతస్తులు, మొత్తం 500 చదరపు మీటర్లు. సిబ్బందీ ఖాతాదారులూ కలిపి లోపల ఎప్పుడు చూసినా సగటున 40 మంది ఉంటారనుకుందాం.

ఈ కసరత్తుకు ఇదే సమయం. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని 4 గ్రామీణ బ్యాంకుల వ్యాపారం ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అనే ఒకే గొడుగు కిందికి వచ్చింది, అమరావతి దానికి కేంద్రమైంది. అదే ఏడాది నవంబరు 28న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ అమరావతిలో 15 బ్యాంకులు, బీమా సంస్థల కార్యాలయాలకు శంకుస్థాపన చేశారు. అంటే మన ఆర్థిక సంస్థలు పెద్ద ఎత్తున కట్టడాలు మొదలుపెడుతున్నాయి. రాజధానిలో లేచే పెద్ద కార్యాలయాలకు పేరున్న ఆర్కిటెక్టులు దొరుకుతారు. అల్లూరు లాంటి ఊళ్ళలో బ్రాంచికి ఎవరు దొరుకుతారు? అందుకే చిన్న కట్టడాన్నే ఎంచుకున్నాను.

160 లీటర్లు

అక్టోబరులో ఒక ఉదయం, ముసురు పట్టడానికి ముందు. బయట 32 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం. తీరంలో ఇది మామూలు రోజే. అప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. లోపల మనకు హాయిగా ఉండాలంటే 25 డిగ్రీలు, 50 శాతం తేమ కావాలి. ఆ గాలిలో ఉండే ఆవిరి పదకొండున్నర గ్రాములే. చల్లబడ్డ గాలి కాస్త కుదించుకుపోతుంది కాబట్టి, లోపలికి తెచ్చే ప్రతి ఘనపు మీటరులోంచీ సుమారు 14 గ్రాముల నీళ్ళు తీసెయ్యాలి.

ఎంత గాలి తేవాలి? తలుపులన్నీ బిగించి 40 మందిని కూర్చోబెడితే గంటలోనే కార్బన్ డయాక్సైడు పెరిగి తల బరువెక్కుతుంది. మనిషికి సెకనుకు 10 లీటర్ల చొప్పున కొత్త గాలి అవసరం. 40 మందికి 8 గంటల్లో 11,500 ఘనపు మీటర్లు. దాన్ని 14 గ్రాములతో గుణిస్తే 160 లీటర్లు. గొట్టం కొస నుంచి కారేవి ఇవే.

ఆవిరిని నీరుగా మార్చడం తేలిక వ్యవహారం కాదు. నీరు ఆవిరయ్యేటప్పుడు ఎంత వేడిని మింగుతుందో, మళ్ళీ నీరయ్యేటప్పుడు అంతా కక్కుతుంది. లీటరుకు 2,430 కిలోజౌళ్ళు. ఆ వేడిని ఏసీ బయటికి తోడిపొయ్యాలి. 160 లీటర్లకు అది 108 కిలోవాట్ అవర్లు. మంచి ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని తోడుతుందనుకుంటే 36 యూనిట్ల కరెంటు. ఇక అదే గాలిని 32 డిగ్రీల నుంచి 25కు దించడానికి ఎంత కావాలో చూస్తే 9 యూనిట్లు చాలు! గాలిని చల్లబరచడానికి 9, ఆరబెట్టడానికి 36. తీరప్రాంతపు ఆఫీసులో కరెంటు బిల్లు అసలు రహస్యం ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

ఈ లెక్క తెలియకపోవడం వల్ల ఒక తప్పు ఊరూరా జరుగుతోంది. ‘ఎందుకైనా మంచిది, ఇంకో రెండు టన్నులు ఎక్కువే వేద్దాం’ అంటారు. అవసరానికి మించిన ఏసీ గదిని పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. చల్లబరచడం త్వరగా అయిపోయింది, ఆరబెట్టే పనికి వ్యవధి చాలలేదు. గది చల్లగా ఉంటుంది, ఒళ్ళు మాత్రం జిగటగా ఉంటుంది. జిగటను భరించలేక ఎవరో రిమోట్ తీసుకుని 18కి దించుతారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతూనే ఉంది. 2020 జనవరి నుంచి గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన కూడా తెచ్చారు. జిగట పోగొడితే 26 డిగ్రీల దగ్గర, తలపైన ఫ్యాను తిరుగుతుంటే, ఎవరూ రిమోట్ జోలికి వెళ్ళరు. ఆ ఫ్యాను కూడా పాత పద్ధతి మోటారుదైతే 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ మోటారుదైతే 30 వాట్ల చుట్టుపక్కల.

36 యూనిట్లను తగ్గించే ఉపాయం ఒకటుంది. లోపలి పాత గాలిని ఎలాగూ బయటికి పంపాలి. అది చల్లగా, పొడిగా ఉంటుంది. లోపలికి వచ్చే గాలేమో వేడిగా, తడిగా ఉంటుంది. రెండు దారుల మధ్య నెమ్మదిగా తిరిగే ఒక చక్రం పెడతారు. దాని ఒంటినిండా సన్నటి సందులు, వాటి గోడలకు తేమను పీల్చే సిలికా జెల్ పూత. వచ్చే గాలి దగ్గర తేమనూ వేడినీ పట్టుకుని, పోయే గాలికి అప్పగిస్తుంది. మంచి చక్రం ఈ మార్పిడిలో మూడింట రెండు వంతుల భారం తగ్గించగలదు. పెద్ద ఆసుపత్రుల్లో, ఐటీ కంపెనీల్లో ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. తీరంలో బ్రాంచిలకు మరింత అవసరం.

బ్యాంకుకు తేమతో మరో పేచీ ఉంది. మన కరెన్సీ నోటు పత్తితో తయారైన కాగితం. తేమను ఇట్టే పీలుస్తుంది. తనఖా పెట్టిన దస్తావేజులు, స్టాంపు కాగితాలు, పాత లెడ్జర్లు కూడా అంతే. పగలంతా ఏసీ నడిపి సాయంత్రం ఆపేస్తే రాత్రి తడిగాలి సందుల్లోంచి దూరి చల్లటి గోడల మీద చెమర్చుతుంది. 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలి 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకు తగిలినా నీరవుతుంది. స్ట్రాంగ్ రూమ్‌కు కిటికీలుండవు, మందపాటి కాంక్రీటు గోడలు, గాలి కదలదు. సోమవారం తలుపు తీయగానే ముక్క వాసన. అక్కడ కావలసింది పెద్ద ఏసీ కాదు, రాత్రిపూట కూడా తక్కువ కరెంటుతో నడిచే, తేమ తీసే చిన్న యంత్రం.

హరారేలో చెల్లింది, ఇక్కడ చెల్లదు

పర్యావరణ కట్టడాల గురించి చదివేవాళ్ళకు జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ సెంటర్ తెలిసే ఉంటుంది. ఓల్డ్ మ్యూచువల్ అనే ఆర్థిక సంస్థ కట్టించింది. 1996లో పూర్తయింది. ఆర్కిటెక్టు మిక్ పియర్స్ చెదపుట్టల నుంచి స్ఫూర్తి పొందాడు. చెదపుట్ట లోపల గాలి అతను అనుకున్నట్టే తిరగదని తర్వాతి పరిశోధనల్లో తేలింది, కానీ కట్టడం మాత్రం పనిచేసింది. రాత్రి చల్లగాలిని కాంక్రీటు అంతస్తుల లోపలి బోలు దారుల గుండా పంపిస్తారు. కాంక్రీటు రాత్రంతా చల్లబడి, పగలు లోపలికి వచ్చే గాలిని చల్లబరుస్తుంది. మామూలు ఏసీ ప్లాంటు అక్కర్లేకుండానే ఆఫీసులు, దుకాణాలు నడుస్తున్నాయి.

దీన్ని అల్లూరులో కడితే? హరారే సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పగలెంత వేడిగా ఉన్నా రాత్రి చల్లబడుతుంది. నెల్లూరు తీరంలో మే నెల రాత్రి 28 డిగ్రీల కంటే కిందికి దిగడమే కష్టం. పైగా తడి. ఆ గాలిని కాంక్రీటు దారుల్లోకి పంపితే చల్లదనం రాదు, బూజు వస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రులు మాత్రం 20 డిగ్రీల చుట్టుపక్కలకు వస్తాయి. ఆ రెండు మూడు నెలలు కిటికీలు తెరిచి, ఏసీలు పూర్తిగా ఆపేసి, ఫ్యాన్లతో గడిపే వీలు మన కట్టడంలో ఉండాలి. దోమల వల, దొంగలకు లొంగని ఊచలు ఉంటే చాలు. కిటికీ తెరుచుకోని బ్యాంకు కట్టడం ఈ దేశంలో కట్టకూడదని నా అభిప్రాయం.

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పక్కన ఉంది. సీఐఐ – సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణ హిత కట్టడాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన తొలి కట్టడం అదే. కరణ్ గ్రోవర్ రూపకల్పన. 20,000 చదరపు అడుగులు. నడుమ గుండ్రటి ముంగిలి, జాలీ గోడలు, పైకప్పు మీద గడ్డి, మురుగునీటిని మొక్కల వేళ్ళతో శుద్ధిచేసే మడుగు, రెండు గాలి గోపురాలు. ఆ గోపురాల్లో గాలి తడి గోడలను తాకుతూ దిగి, ఏసీకి చేరేలోపే ఏడెనిమిది డిగ్రీలు చల్లబడుతుంది. కట్టిన రోజుల్లో మామూలు కట్టడం కంటే దాదాపు 18 శాతం ఎక్కువ ఖర్చయింది. కరెంటు వాడకం సగానికి సగం తగ్గింది.

ఆ గోపురాలు అల్లూరుకు పనికిరావు. హైదరాబాద్ మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకోండి. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 23 డిగ్రీల దగ్గర ఆగుతుంది. నీళ్ళు ఆవిరి చేసి చల్లబరిచే ఏ పద్ధతికైనా అదే అడుగు. మన అక్టోబరు ఉదయం ఆ అడుగు 28. అంటే 32 డిగ్రీల గాలిని ఎంత తడిపినా 28 దాటి కిందికి రాదు, వచ్చేలోపు నిలువెల్లా తడిసిపోతుంది. తీరంలో ఎయిర్ కూలర్ పెట్టుకున్న ప్రతి ఇల్లూ ఈ సంగతి చెబుతుంది.

హైదరాబాద్ శివారు పోచారంలోనే ఇన్ఫోసిస్ చేసిన పని నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకుంది. 2011లో వాడుకలోకి వచ్చిన ఒక ఆఫీసు కట్టడాన్ని సరిగ్గా రెండు సగాలుగా విడదీశారు. ఒక సగానికి మామూలు పద్ధతి ఏసీ, మేలైన రకమే. రెండో సగంలో శ్లాబు లోపల పైపులు పరిచి వాటిలో చల్లటి నీళ్ళు పారించారు. కప్పే చల్లబడి కింద కూర్చున్నవాళ్ళ ఒంటి వేడిని లాగుతుంది. రెండు సగాలకూ ఎండ ఒకటే, పనివేళలు ఒకటే, మీటర్లు వేరు. రెండో సగం చల్లదనానికి వాడిన కరెంటు మూడో వంతు తక్కువ. నిర్మాణ ఖర్చు దాదాపు సమానం. ప్రచార పత్రాల్లో వచ్చే అంకెలకూ ఇలా పక్కపక్కన పెట్టి కొలిచిన అంకెకూ చాలా దూరం ఉంది.

ఈ చల్లటి శ్లాబు తీరంలో నడవాలంటే ఒక షరతు. శ్లాబు 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు బయటి గాలి లోపలికి వస్తే కప్పు నుంచి కౌంటరు మీద నీళ్ళు పడతాయి. కాబట్టి కొత్త గాలిని ముందే ఆరబెట్టి వదలాలి, తలుపు తీసిన ప్రతిసారీ తడిగాలి దూరకుండా వాకిట్లో రెండు తలుపుల మధ్య చిన్న గది ఉండాలి. జనం విడవకుండా వచ్చిపోయే బ్రాంచిలో కింది అంతస్తుకు ఇది కుదరని పని. పై అంతస్తులో సిబ్బంది గదులకు కుదురుతుంది.

పడమటి గోడ

అల్లూరు దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరలో, మళ్ళీ ఆగస్టు రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో కూడా మధ్యాహ్నం 52 డిగ్రీల ఎత్తు దిగడు. కాబట్టి ఎండంతా ముందు పైకప్పు మీద పడుతుంది. తెల్లటి పెంకుముక్కలు పరిచినా, చల్లదనం పెయింటు వేసినా శ్లాబు మోసే వేడి బాగా తగ్గుతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. మన పెద్దలు మిద్దె మీద ఏటేటా సున్నం కొట్టించిందీ ఈ వేడి తగ్గడానికే.

దక్షిణపు కిటికీకి 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ ఉంటే మార్చి మధ్యాహ్నం మీటరున్నర ఎత్తు కిటికీ పూర్తిగా నీడలో ఉంటుంది. డిసెంబరులో సగం ఎండ వస్తుంది. ఆ నెలలో అది హాయే. పడమటి కిటికీకి మీటరు సన్‌షేడ్ వేసినా లాభం లేదు. నాలుగు గంటల ఎండ ఏటవాలుగా, దాని కిందినుంచి దూరుతుంది. మే నెలలో పడమటి గాలి తోడై సముద్రపు గాలిని ఆలస్యం చేసే రోజుల్లో తీరం కూడా 40 దాటి ఉడికిపోతుంది. ఆ పూట పడమటి వైపు 20 చదరపు మీటర్ల మామూలు అద్దం ఉంటే, ఒక్క ఆ అద్దం గుండా దాదాపు 10 కిలోవాట్ల వేడి లోపలికి వస్తుంది. దాన్ని తోడడానికే మూడు టన్నుల ఏసీ.

కాబట్టి కట్టడం పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి, పొట్టి గోడలు ఆ రెండు దిక్కులకు. పడమర మెట్లు, మరుగుదొడ్లు, స్ట్రాంగ్ రూమ్, రికార్డు గది పెట్టాలి. స్ట్రాంగ్ రూమ్ మందపాటి గోడ ఎండకు అడ్డుగా నిలుస్తుంది. ఖర్చు ఎలాగూ పెడుతున్నాం. దాని వెలుపల కానుగలు, వేపలు. ఉత్తరాన పెద్ద కిటికీలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1987లో పూర్తయిన ఎన్‌ఎంబీ బ్యాంకు ప్రధాన కార్యాలయాన్ని ఏ ఉద్యోగి బల్లా కిటికీకి 7 మీటర్లకు మించి దూరంగా ఉండకూడదన్న నియమంతో కట్టారు. పగలు దీపాలు అక్కర్లేకపోతే దీపాల వేడి కూడా ఉండదు. మన కట్టడం వెడల్పు 12, 13 మీటర్లు దాటకపోతే అదే ఫలితం వస్తుంది.

ముందువైపు నిలువెత్తు అద్దాలు పెట్టడం గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఐరోపా చలికాలంలో సూర్యుణ్ణి లోపలికి పిలవడానికి పనికొచ్చే పద్ధతి అది. ఇక్కడ ఎండను కొని, దాన్ని బయటికి తోసెయ్యడానికి కరెంటు కొంటున్నాం. ఏటీఎం గదుల సంగతి మరీ అన్యాయం. మూడు పక్కలా అద్దం, రోడ్డు పడమర ఉంటే ముఖం పడమర, రాత్రింబవళ్ళూ ఏసీ. ఆఫీసు ఏడాదికి 300 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 2,400 గంటలు నడుస్తుంది; ఏటీఎం, సర్వరు, కెమెరాలు 8,760 గంటలు. ఒక్క కిలోవాటు భారం ఎడతెరిపి లేకుండా ఉన్నా ఏడాదికి 8,760 యూనిట్లు. ఏటీఎంను ఉత్తరం వైపు, గట్టి గోడల గదిలో, లోతైన పంచ నీడలో పెట్టాలి.

తుఫాను మర్నాడు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరం వెంబడి పైకి వెళ్ళి బాపట్ల దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను దెబ్బతీసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచెయ్యలేదు. చేతిలో నగదు లేనివాళ్ళు పాలు, నీళ్ళు కొనుక్కోవడానికి అవస్థపడ్డారు. పర్యావరణ హితమైన బ్యాంకు అంటే తుఫాను మర్నాడు తెరుచుకునే బ్యాంకు అని కూడా నేను అర్థం చెప్పుకుంటాను. కూలిన కట్టడాన్ని మళ్ళీ కట్టడానికి పట్టే సిమెంటు, ఇనుము ఎన్నేళ్ళ కరెంటు ఆదానైనా మింగేస్తాయి.

భారత ప్రమాణాల ప్రకారం నెల్లూరుకు లెక్కలోకి తీసుకోవలసిన మౌలిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్లు. దాని ఒత్తిడి మోటుగా చదరపు మీటరుకు 150 కిలోలు. 3 చదరపు మీటర్ల అద్దం మీద 450 కిలోల బరువు ఆనినట్టు. చిన్న కిటికీలకు, మూసుకునే చెక్క లేదా ఇనప రెక్కలకు ఇంతకంటే వేరే సమర్థన అక్కర్లేదు. పునాది ఎత్తు ఆ వీధిలో మనుషులు గుర్తుంచుకున్న పెద్ద వరద మట్టానికి పైన ఉండాలి. సర్వరు, బ్యాటరీలు, కరెంటు ప్యానెళ్ళు పై అంతస్తులో.

గాలివాన ఒక్క రోజుది. ఉప్పు ఏడాది పొడుగునా పనిచేస్తుంది. సిమెంటులోని క్షారగుణం వల్ల ఇనప కమ్మీ చుట్టూ పలచటి రక్షణ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు గాలిలోని క్లోరైడు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా మెల్లగా దిగి ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బి, లోపలినుంచి కాంక్రీటును పగలగొడుతుంది. తీరం ఊళ్ళలో ఇరవై ఏళ్ళకే సన్‌షేడ్లు పెచ్చులూడి కమ్మీలు బయటపడటం చూస్తుంటాం. ప్రమాణాల ప్రకారం ఇలాంటి చోట కనీసం ఎం30 కాంక్రీటు, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల మందం ఉండాలి. కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ చివరి నియమం దగ్గరే పని చెడుతుంది. తీరం దగ్గర బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. వాటితోనే కాంక్రీటు కలిపి, వాటినే క్యూరింగుకు కొడితే, బయటినుంచి రావలసిన శత్రువును మనమే లోపల పెట్టి పోతపోసినట్టు. నీళ్ళ పరీక్షకు అయ్యే ఖర్చు కట్టడం ఖర్చు ముందు లెక్కలోది కాదు.

సిమెంటు ఎంపికలో ఉప్పుకూ వాతావరణానికీ ఒకే మందు ఉంది. సిమెంటుకు ముడిసరుకైన క్లింకరు కిలో తయారీలో దాదాపు 850 గ్రాముల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. సున్నపురాయి విడిపోయేటప్పుడే సగానికి పైగా వస్తుంది, బొగ్గు మానేసినా పోదు. సిమెంటులో 35 శాతం దాకా క్లింకరుకు బదులు బూడిద కలపవచ్చు. ఆ బూడిద కృష్ణపట్నం పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం దగ్గర రోజూ పోగుపడుతోంది. విశాఖ ఉక్కు కర్మాగారపు స్లాగుతో చేసిన సిమెంటైతే ఇంకా ఎక్కువ పాళ్ళు. బూడిద, స్లాగు కలిసిన కాంక్రీటులో రంధ్రాలు సన్నబడి క్లోరైడుకు దారి ఇరుకవుతుంది. నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి కాంట్రాక్టరు తొందరపడకూడదు, అంతే.

బిల్లు

ఇప్పుడు మొత్తం కూడదాం. 500 చదరపు మీటర్లకు ఏడాదికి చదరపు మీటరుకు 60 యూనిట్ల చొప్పున 30,000 యూనిట్లు లక్ష్యంగా పెట్టుకుందాం. పైకప్పు, పంచలు కలిపి 300 చదరపు మీటర్లు. అందులో 200 చదరపు మీటర్లలో 20 కిలోవాట్ల సౌరఫలకాలు పడతాయి. కిలోవాటుకు రోజుకు 4 యూనిట్ల చొప్పున ఏడాదికి 29,000 పై చిలుకు. లెక్క సరిపోయింది! కానీ అదే కట్టడాన్ని అద్దాల పెట్టెగా కట్టి చదరపు మీటరుకు 200 యూనిట్లు కాల్చితే లక్ష యూనిట్లు కావాలి, పైకప్పు మూడింతలు ఉన్నా చాలదు. నీడ, ఆరబెట్టడం, కిటికీ ముందు. సౌరఫలకం ఆ తర్వాత. ఫలకాలను తుఫాను గాలికి తట్టుకునేలా శ్లాబుకు బిగించాలి, పేరుకునే ఉప్పును కడుగుతుండాలి. కడగడానికి గొట్టం నీళ్ళున్నాయి కదా. అదే కప్పు మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే 3 లక్షల లీటర్లు. అందులో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది కాబట్టి తొట్టి పెద్దదిగా కట్టాలి.

ఆంధ్రప్రదేశ్ 2014లోనే వాణిజ్య కట్టడాలకు ఇంధన పొదుపు నియమావళిని తెచ్చింది. జాతీయ నియమావళి 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు నుంచి వర్తించేలా రాశారు. అల్లూరు బ్రాంచి ఆ వలలో పడదు. ఎవరూ అడగరు, ఎవరూ తనిఖీ చెయ్యరు. చిన్న కట్టడాలన్నీ ఇలాగే లెక్కకు అందకుండా పోతున్నాయి.

అయినా బ్యాంకు తనంతట తాను ఇది చెయ్యాలని అడగడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఇల్లు కట్టి అమ్మేవాడికి పదేళ్ళ తర్వాతి బిల్లుతో పనిలేదు. బ్యాంకు తన కట్టడంలో తానే యాభై ఏళ్ళు ఉంటుంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు మారింది గాని ఊరూరా బ్రాంచిలు నడుస్తూనే ఉన్నాయి. ముందు పెట్టిన పెట్టుబడి ఎన్నేళ్ళలో వడ్డీతో సహా తిరిగొస్తుందో లెక్క కట్టడం బ్యాంకు వృత్తి. రెండోది ఇంతకంటే పెద్దది. అల్లూరు చుట్టుపక్కల లేచే ఇళ్ళలో ఎన్నో బ్యాంకు అప్పుతోనే లేస్తున్నాయి. పడమర గది, సన్‌షేడ్ లేని కిటికీ, ఉప్పునీళ్ళ కాంక్రీటు ఉన్న ఇంటికి కూడా బ్యాంకు ఇరవై ఏళ్ళ అప్పు ఇస్తోంది. తన కట్టడంలో నేర్చుకున్నది ఇంటి రుణం ఫారంలో రెండు ప్రశ్నలుగా చేరిస్తే, ఒక్క బ్రాంచి ప్రభావం వందల ఇళ్ళకు పాకుతుంది.

మనకొక కొలబద్ద ఉంది. ఏడాదికి వాడిన కరెంటు యూనిట్లను కట్టడం విస్తీర్ణంతో భాగించాలి. తేమ వాతావరణంలో, సగానికి పైగా ఏసీ ఉన్న ఆఫీసుకు అది 100 లోపు ఉంటే బీఈఈ ఐదు నక్షత్రాలు ఇస్తుంది. 200 దాటితే ఒక్కటీ ఇవ్వదు. బ్యాంకులు డిపాజిట్ల మీద వడ్డీరేట్లు రాసే బోర్డు మీదే ఈ అంకె కూడా రాయాలి. ఈసారి బ్యాంకుకు వెళ్ళినప్పుడు మీ బ్రాంచి అంకె ఎంతో మేనేజరు గారిని అడగండి.